పట్టి చూడని కడ్డీ

భుజం విరిగాక నాకు మిగిలినవి రెండే: మందమర్రి బళ్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం, మా హెడ్మాస్టరు వెటకారం. ఇనుప కడ్డీ మీద గిరికీలు కొట్టి రాష్ట్రానికి పతకం తెచ్చినవాణ్ని ఆయన "సర్కసు సారు" అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. వంగే కసరత్తు ఎందుకు చేయాలో పిల్లలకు చెబుతూ ఆయన పొట్టవైపు చూసేవాణ్ని.

ఆ బళ్లో నాకు దొరికిన ఒక్క బంగారం బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. "వీడు మాత్రం బాయిల దిగొద్దు సారూ. మీ చేతిల పెడుతున్న" అన్నాడు వాళ్ల బాపు. నాలుగేళ్లు కష్టపడి తయారుచేశాను. వాడు ఎక్కేముందు నేనొకసారి కడ్డీ పట్టుకుని వేలాడి చూసేవాణ్ని. విరిగిన భుజానికి అది నరకమే, అయినా ఏనాడూ మానలేదు.

దసరా సెలవుల ముందు హెడ్మాస్టరు పనిముట్లన్నిటికీ పూజ పెట్టించాడు. ఆయన ముఖం చూడటం ఇష్టంలేక నేను పోలేదు. ఆదిలాబాద్ తాలీంఖానాలో పహిల్వాన్లు ఎక్కే కర్రస్తంభానికి ఆముదం రాస్తారు. అది చూసినవాడు కదా, మా ఇనుప కడ్డీకీ అదే మర్యాద చేయించాడు మహానుభావుడు. ఇనుముకు ఆముదం రాస్తే చెయ్యి నిలుస్తుందా? ఆ సంగతి నాకు వాడు పడ్డాకగానీ తెలియలేదు.

మర్నాడే మా బళ్లో రాష్ట్ర జట్టుకు ఎంపిక. వచ్చిన పెద్దమనుషులతో హెడ్మాస్టరు "గీయన మా సర్కసు సారు. జర ఈయన తమాషా సూడుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అందరి ముందే నోటికొచ్చినట్టు కడిగేశాను. ఆయనా వదల్లేదు. మేమిద్దరం అరుచుకుంటుండగానే వాడి పేరు పిలిచారు, వాడు కడ్డీ అందుకున్నాడు. రెండో గిరికీలో చేతులు జారాయి. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

దవాఖానాకు వాళ్ల బాపు డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఆముదం రాయించింది హెడ్మాస్టరేనని నేను ఆవేశంగా చెప్పుకుపోయాను. ఆయన అంతా విన్నాడు.

"బాయిల పని షురూ చేసేముందు మేము కర్రతోని పైకప్పు కొట్టి సూస్తం. గుల్ల సప్పుడొస్తే దాని కిందికే పోం. మీరు పట్టి సూడలేదా సారూ?"

వాడి చెయ్యి వంకరగానే అతికింది. రెండేళ్లకు బాపు వెనకే బాయిలో దిగాడు. హెడ్మాస్టరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆ రోజు ఆ ప్రశ్నకు ఆయన పేరు చెప్పలేకపోయాను.