అరటిపళ్లు నిద్రలేపిన మచ్చ

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో మావారు ఆసుపత్రి నుంచి ఏలూరులోని మా ఇంటికి తిరిగొచ్చారు. ఊపిరి నిలబడింది కానీ, వాడిన స్టెరాయిడ్ల వల్ల షుగర్ బాగా పెరిగింది. పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ముక్కు మూసుకుపోయినా, చెంప మొద్దుబారినా, కన్ను ఎర్రబడినా ఆ పూటే తీసుకురండమ్మా. మర్నాటిదాకా ఆగొద్దు" అన్నారు. అప్పటికే పేపర్లో రోజూ, షుగర్ పెరిగినవాళ్లకి వస్తోందంటూ, బ్లాక్ ఫంగస్ బొమ్మలు వేస్తున్నారు. ఆ పేజీ ఆయన కంటపడకుండా మడిచి దాచేదాన్ని. నేను మాత్రం రెండేసిసార్లు చదివేదాన్ని.

గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క, కరెంటు రీడింగు, అన్నీ క్యాలెండరు గళ్లలో రాసుకోవడం నా అలవాటు. ఆ నెల గళ్లలో ఆయన షుగర్ తప్ప మరేమీ రాయలేదు. పొద్దున లేవగానే టార్చి వేసి ముక్కు, అంగిలి చూసేదాన్ని. రెండు చెంపలూ నొక్కి, తేడా ఏమన్నా తెలుస్తోందా అని అడిగేదాన్ని.

"నా మొహం ఏమన్నా పెనం మీద అట్టా ఏంటే, మాడిందో లేదో తిరగేసి చూడ్డానికి?" అనేవారు.

"మాట్లాడకండి. నోరు తెరవండి."

"మాట్లాడకుండా నోరు తెరవడం మీ పుట్టింటివాళ్లకి చేతనవునేమో, నాకు రాదు."

నేను నవ్వేదాన్ని కాదు. టార్చి ఇంకాస్త దగ్గరికి పెట్టి అంగిలి చూసేదాన్ని.

పెదవేగి దగ్గర మాకు కొద్దిపాటి మామిడితోట ఉంది. కౌలుకు చేసే రైతు ఎప్పటిలాగే కాయలు పంపాడు. మావారు పడుకునే గదిని ఆనుకుని ఉన్న కొట్టుగదిలో వాటిని పండడానికి ముగ్గేశాను. కాయలు ముగ్గేయడంలో నా పద్ధతి నాది. ప్రతి కాయా తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వరిగడ్డి మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. మచ్చ ఉన్నది పక్కన పెట్టెయ్యాలి. ఆ రోజు ఒక్క మచ్చ కూడా కనిపించలేదు. కానీ ఆ ఏడు నాకు ఓపిక తక్కువైంది. తినకూడని మనిషి పక్కన ఆ వాసన ఎక్కువరోజులు ఉండకూడదనీ, త్వరగా పండితే ఇరుగుపొరుగుకు పంచేద్దామనీ, మా అత్తగారు చేసినట్టే గడ్డి మధ్యలో బాగా ముగ్గిన అరటిపళ్లు దూర్చి, పైన గోనెసంచులు కప్పేశాను.

సంచులు తీసిన పొద్దున తీపివాసన గుప్పుమంది. పైవరసలో ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. తొడిమ చుట్టూ నల్లటి మచ్చలు. దాని కిందిదానికీ అంతే. నేను నా చేత్తో తుడిచి పెట్టిన కాయలే అవి. ఇంతలో గోడ అవతలినుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమే, రాత్రినుంచి ముక్కు ఓ పక్క దిబ్బడేసింది."

చేతిలో కాయ జారిపోయింది. ఆ నలుపు గోడ దాటి ఆయన ముక్కులోకి వెళ్లిందనే అనుకున్నాను. వేరే ఆలోచనే రాలేదు. ఆయన్ని వీధిగదిలోకి మార్చి, కాయలూ గడ్డీ పెరట్లోకి ఈడ్చాను. రెండు గదుల్లోనూ బ్లీచింగ్ పౌడరు చల్లి కడిగాను. ఆ ఘాటు ఇల్లంతా కమ్మింది. కాసేపటికే ఆయన కుడికన్ను ఎర్రబడి నీరు కారసాగింది.

మా మనవరాలికి ఫోన్ చేశాను. హార్టికల్చర్ చదువుతోంది. కాలేజీ మూసేయడంతో తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి దగ్గరే ఉంది. కాయల ఫొటో పంపమని, చూసి చెప్పింది.

"అమ్మమ్మా, ఇది మామిడికొచ్చే మచ్చతెగులు. మనుషుల జోలికి రాదు. నువ్వు భయపడేది వేరే బూజు. ముందు తాతయ్యని డాక్టరుకి చూపించు."

"ప్రతి కాయా తుడిచానే! ఒక్క మచ్చ లేదు."

"తుడిస్తే పోదు. కాయ చెట్టుమీద పచ్చిగా ఉన్నప్పుడే తొక్కకి అంటుకుని నిద్రపోతూ ఉంటుంది. కంటికి కనపడదు. కాయ పండేటప్పుడు ఎథిలిన్ అని ఒక గాలి వదులుతుంది. అది మొక్కల హార్మోనే. పండమని కాయకి అదే సైగ, లెమ్మని బూజుకీ అదే సైగ. అది తగిలిందంటే లేచి లోపలికి దిగుతుంది. నువ్వు పెట్టిన అరటిపళ్లు ఆ గాలినే గుమ్మరించాయి. పైగా సంచులు కప్పి బయటికి పోనీలేదు."

ధైర్యం చెప్పాననుకుంది పిల్ల. నాకు కొత్త భయం పట్టుకుంది. ఆయన లోపల కూడా అలాంటిదేదో ఎప్పుడో చేరి, ఆయన ఒంట్లోంచి రావలసిన సైగ కోసమే కాచుకుని ఉంటే, నా టార్చికి అది కనపడుతుందా? ఆయన వేలు గుచ్చి చూశాను. షుగర్ మూడువందలు దాటింది. సైగ ఇదేననిపించింది.

మధ్యాహ్నం కర్ఫ్యూ మొదలవకముందే ఆటో మాట్లాడుకుని ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాం. బల్లమీద మా పక్కన కొల్లేటి లంకనుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. చేపల చెరువు మీద పనిచేసే భర్తని తీసుకొచ్చింది. అతని ఎడమకంటికి కట్టు ఉంది.

"కన్ను తీసేశారండీ," అంది ఆవిడ, అడగకుండానే. "జలుబేలే అని వారం కూచున్నాడు మావోడు. మీవారికి ఎన్నాళ్లనుంచండీ?"

మావారు నా వంక చూశారు.

"రాత్రినుంచేనండీ," అన్నాను.

లోపలికి ఆయన్నొక్కరినే రమ్మన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి చూస్తారట. మూసిన తలుపు ముందు నిలబడ్డాను. తలుపు తీసిన డాక్టరు ముందు నన్నే అడిగారు.

"ఇంట్లో ఏం చల్లారండీ?"

"బ్లీచింగండీ."

"కన్ను ఎర్రబడింది అందుకే. ముక్కులో కాస్త వాపుంది, అంతే. ఇవాళ్టికి ఫంగస్ ఏమీ లేదండీ. ఆ షుగర్ మాత్రం దించండి. వచ్చే వారం మళ్లీ చూద్దాం."

తిరుగు ఆటో కాలవ వంతెన దాటింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో అలా పట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు.

"ఇవాళ్టికి అన్నాడు డాక్టరు. విన్నావా?"

మాటల్లో మెలిక పట్టుకునేది నేను, ఆయన కాదు. ఆయన కూడా పట్టుకునేసరికి, ఆ జోకులన్నీ తన భయం దాచుకోవడానికేనని అప్పుడు తెలిసింది.

"అలా అన్లేదండీ. లేదు అన్నారు, అంతే," అన్నాను.

"అంతేనా?"

"అంతేనండీ."

ఆయన తల ఊపారు. నమ్మలేదు. ఇల్లు చేరేదాకా చెయ్యి వదల్లేదు.