బీరువా తలుపు మీద మూడు గళ్లు

నాకు కథలు మొదలుపెట్టడమంటే పిచ్చి. ముగించడమంటే బద్ధకం, భయం, రెండూ. రామచంద్రపురంలో మా ఇంట్లో పప్పు డబ్బాల పక్కన, దిండు కింద, ఎక్కడ చూసినా నా సగం కథలే. ఒక్కటీ ఏ పత్రికకూ వెళ్లలేదు. మా అత్తగారికి చూపు ఆనదు కనక నేనే చదివి వినిపించేదాన్ని. "అన్నం వడ్డించి, చారు పోయకుండా లేచిపోతావేంటమ్మాయ్!" అని ఆవిడ మండిపడేవారు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు సెలవులకొచ్చి, ఆ కాగితాలన్నీ చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, నీకు కాన్‌బాన్ కావాలి."

ఏదో టానిక్కేమో అనుకున్నాను. జపాన్‌లో కార్ల ఫ్యాక్టరీ పద్ధతట. బీరువా తలుపు మీద సుద్దముక్కతో మూడు గళ్లు గీశాడు: రాయాలి, రాస్తున్నాను, అయిపోయింది. పాత శుభలేఖలు ముక్కలు చేసి, ఒక్కో దాని వెనక ఒక్కో కథ పేరు రాసి, నా బొట్టుబిళ్లలతో అంటించాం. అబ్బ, ఎంత సంబరమో! బీరువా పెళ్లికూతురిలా తయారైంది.

అప్పుడు చెప్పాడు అసలు మెలిక. మధ్య గడిలో ఒక్కటే ఉండాలట. అది అయిపోయాకే ఇంకోటి తీసుకోవాలట.

"ఒక్కటేంట్రా! నేనేమైనా కార్లు బిగిస్తున్నానా?" అని గయ్యిమన్నాను. వాడు నవ్వుతూ బస్సెక్కేశాడు.

మధ్య గడిలో పెట్టింది ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. వాళ్లకి ఏళ్ల తరబడి మాటల్లేవు. చివరికి అక్క పంతం వదిలి, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదారి దాటి చెల్లెలి ఇంటికి బయల్దేరుతుంది. అక్కణ్ణుంచి నా కలం కదల్లేదు. చెల్లెల్ని ఏడిపించాను, ఆ వాక్యం కొట్టేశాను. కాఫీ ఇప్పించాను, అదీ కొట్టేశాను. బుర్రలో కొత్త కథలు గిలిగింతలు పెడుతున్నాయి. బీరువాలోంచి చీర తీసుకోడానికి వెళ్లినప్పుడల్లా ఆ గడిని తిట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే కథంతా మొదటినుంచీ చదివాను. పంటు రేవు వదిలిందనగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నేను పేజీ తిప్పేలోపే లేచి బీరువా దగ్గరికి నడిచారు. మధ్యలో ఒక్కటే ఉంది కనక తడిమితే దొరికింది. ఆ ముక్క పీకి చివరి గడిలో అంటించేశారు.

"అత్తయ్యగారూ! అదింకా అవలేదండీ!"

"పంటెక్కేసింది కదమ్మాయ్! ఎక్కినావిడ అవతల దిగదా? ఆవిడ కోపం పోయింది. ఇంకేం రాస్తావు?"

నాకు ఆగని నవ్వొచ్చింది. మిగిలిన పేజీలు పరపరా చించేసి, అత్తగారి చేతులు పట్టుకుని గిర్రున తిప్పితే చిక్కుడుకాయలన్నీ నేలపాలయ్యాయి. నా జన్మలో మొదటిసారి ఒక కథ అయిపోయింది! నిజంగా అయిపోయింది!

ఆవిడ ఆయాసం తీర్చుకున్నారు. మొదటి గడిలో చేతికందిన ముక్క పీకి నా అరచేతిలో పెట్టారు.

"ఊఁ, ఇది మొదలెట్టు. నేనుండగానే అన్నిటికీ చారు పొయ్యాలి నువ్వు."