డాక్టరమ్మ చెక్క గొట్టం

డాక్టరమ్మ పోయారు. ఆదివారం ప్రార్థనకు బయల్దేరుతుంటే చెల్లి ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఏడ్చి, ఆ ఏడుపులోనే నవ్వింది. "అక్కా, మా అత్తమ్మను మాట్లాడకుండా చేసింది ఆమె ఒక్కరే కదా!" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆమెను తలుచుకుంటే ఎవరికైనా అంతే.

యూనివర్సిటీ క్యాంపస్‌లోని చిన్న దవాఖానలో ఆమె ఏళ్ల తరబడి గర్భిణులను చూశారు. ప్రొఫెసర్ల భార్యలు వచ్చేవారు, హాస్టల్ మెస్సులో వంట చేసేవాళ్లూ వచ్చేవారు. తార్నాకలో బస్సు దిగి ఎండన నడిచొచ్చిన వాళ్లను ముందు పిలిచేవారు. ఎవరైనా గొణిగితే, "కారుల వచ్చినోళ్ల కాళ్లు ఇంక కొత్తగనే ఉన్నయి, కూసోనియ్యి," అనేవారు. లోపలికెళ్లగానే మొదటి ప్రశ్న, "ఏం తిన్నవ్?" తినలేదంటే బల్ల సొరుగులోంచి అరటిపండు వచ్చేది. అది తిన్నాకే పరీక్ష.

చెల్లి కడుపుతో ఉన్నప్పుడు క్యాంపస్‌లో ఎమ్మే చదువుతోంది, గోల్నాకలో కాపురం. వాళ్ల అత్తగారు మంచి మనిషి. కోడలికి తోడు రావడం ఒక్కసారీ మానలేదు. అయితే జవాబులన్నీ ఆవిడే చెప్పేది.

"బిడ్డ కదులుతుండా?"

"మస్తు కదుల్తుండమ్మా."

"తలనొప్పేమన్న ఉన్నదా?"

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు."

చెల్లి తలూపేది. ఒకసారి నేనూ వాళ్లతో వెళ్లాను. ఆ రోజు చెల్లి కాళ్లు చెప్పుల్లో పట్టక, మరిది చెప్పులు వేసుకొచ్చింది. "కాళ్లు వాచుడు మామూలే, నాకు గట్లనే అయింది," అని అత్తగారు తేల్చేసింది.

డాక్టరమ్మ కోటు జేబులోంచి గరాటు లాంటి చెక్క గొట్టం తీసి చెల్లి కడుపు మీద ఆనించారు. "అత్తమ్మా, గీడ రండి. బిడ్డ గుండె చప్పుడు మీరే వినుండ్రి. మధ్యల మాట్లాడితే మాత్రం మళ్ల మొదటికెళ్లి వినాలె."

అత్తగారు వంగి గొట్టానికి చెవి ఆనించింది. కళ్లు పెద్దవయ్యాయి. డాక్టరమ్మ అవతలి వైపు స్టూలు లాక్కుని, చెల్లి చెయ్యి పట్టుకుని, "ఇగ నువ్వు చెప్పు బిడ్డా," అన్నారు.

"తల పగిలిపోతోందండీ. కళ్ల ముందు మెరుపులు," అంది చెల్లి. నాకు కూడా చెప్పని మాట అది. పక్కనే నిలబడి లోలోపల ప్రార్థన మొదలుపెట్టాను.

బీపీ బాగా ఎక్కువ ఉండటం చూసి డాక్టరమ్మ లేచారు. "అత్తమ్మా, ఇయ్యాలనే, ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె. ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం."

"చప్పుడు మంచిగనే ఉన్నది గదమ్మా!"

"మంచిగున్నప్పుడే పోవాలె."

ఆటోలో మాతో ఆమె కూడా ఎక్కారు. దారంతా అత్తగారు నోరు విప్పలేదు. నాకు అసలు భయం వేసింది అప్పుడే.

దేవుని దయ. తల్లీ బిడ్డా దక్కారు. పాప చిన్నగా పుట్టింది కానీ ఏడుపు వార్డంతా వినిపించింది. "గొంతు అచ్చం మీదే అత్తమ్మా," అన్నారు డాక్టరమ్మ. అత్తగారు ఆ మాటను గోల్నాకంతా చెప్పుకుంది.

అత్తగారిని బయట కూర్చోమంటే సరిపోయేది కదా అని ఒకసారి అడిగాను. "బయటికి పంపితే ఇంటికి పోయినంక ఆ పిల్లకే మాటలు పడ్తయి. లోపలనే పని చెప్పాలె," అన్నారు. ఇంకోసారి, "మందులు, మిషన్లు అన్నీ ఉండనీ. ఆమె నోటితోని ఆమె చెప్పకపోతే నేను చూసినట్టు కాదు," అన్నారు. గర్భిణి వెంట దవాఖానకు వెళ్లేవారెవరైనా ఇది చదువుతుంటే, ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

మొన్న తార్నాకలో డాక్టరమ్మ వాళ్లింట్లో అందరం కలిశాం. ఆమె కూతురు ఆ గొట్టం తెచ్చి చూపించింది. ఆనాటి పాపకు ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. "గిటియ్యి!" అని అత్తగారు గొట్టం లాక్కుని, మనవరాలి కడుపు మీద ఆనించి వంగింది. ఆవిడకు ఇప్పుడు మనం పక్కన కూర్చుని పిలిచినా వినపడదు. మా నవ్వులు చూసి, మాట్లాడొద్దని వేలెత్తింది. అందరం ఊరుకున్నాం.

చెల్లి అవతలి వైపు కుర్చీ లాక్కుని కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇగ నువ్వు చెప్పు బిడ్డా," అంది, అచ్చం ఆమెలాగే.

ఆ పిల్ల మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారి ముఖమంతా నవ్వు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది.