పగిలిన అద్దం ఎటు పడింది

చలి మొదలై ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల నుంచి కొత్త పత్తి వాసన వీధుల్లోకి వస్తే, జొన్నరొట్టె మీద అవ్వ పెట్టే పుంటికూర తొక్కు, గాలిలో తేలి ముక్కుల్లో దూరే పత్తి నూగు, మిల్లు ముందు ఆగిన బండ్ల మధ్య మేమాడిన దాగుడుమూతలు, అన్నీ గుర్తొస్తాయి; వాటి వెనకే పోసక్క చెవి నుంచి కారిన రక్తమూ గుర్తొస్తుంది.

పోసక్క మిల్లు హమాలీ కూతురు. ఆరో తరగతిలో నా పక్కన కూర్చునేది. ఒక మధ్యాహ్నం లెక్కల సారు తరగతిలో ఒక్కడే పేపర్లు దిద్దుతున్నాడు, మేమంతా నల్లా దగ్గర గిన్నెలు కడుక్కుంటున్నాం, పోసక్క నా పక్కనే ఉంది. కిటికీ అద్దం భళ్లున పగిలింది. సారు టేకు కట్టెతో బయటికొచ్చి నా జుట్టు పట్టుకున్నాడు.

"రాయి ఎవరు కొట్టిన్రు? చెప్తవా, తోలు తియ్యాల్నా?"

"పోసక్క, సారు," అన్నాను.

ఆయన పోసక్కను గోడకేసి కొట్టాడు. వీపు మీద కట్టెతో, చెంప మీద, చెవి మీద అరచేత్తో, ఆమె కింద పడేదాకా కొట్టాడు.

మర్నాడు పోసక్క రాలేదు. సైన్స్ చెప్పే సుగుణ టీచర్ పుస్తకం తెరవకుండా మమ్మల్ని ఆ కిటికీకి బయటి వైపు తీసుకెళ్లింది.

"అద్దం పెంకులు ఎటు పడ్డయి?"

"బయటికి, టీచర్."

"రాయి బయటి నుంచి కొడితే ఎటు పడాలె?"

మా బడిలో జవాబు కోసం ఎవరూ ఆగేవారు కాదు. ఆమె ఆగింది. చివరికి నేనే అన్నాను: "లోపలికి."

"మరి గప్పుడు లోపల ఎవరున్నరు?"

నేను నోరు తెరిచేలోగా సారు వచ్చాడు. కట్టె నా తల మీదికి లేచింది. టీచర్ చెయ్యి అడ్డం పెట్టి కట్టె పట్టుకుంది. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. రక్తం కారుతున్నా ఆమె కట్టె వదల్లేదు.

"పిల్ల జవాబు చెప్తున్నది. చెప్పనియ్యుండ్రి."

"మీరొక్కరే ఉన్నరు, సారు," అన్నాను.

ఆ నెలలోనే టీచర్‌ను ఉట్నూర్ బదిలీ చేశారు. సారు రిటైరయ్యేదాకా మా బడిలోనే ఉన్నాడు. పోసక్క ఒక చెవి వినపడక, బడి మానేసి పత్తి ఏరే కూలీల్లో కలిసింది.

ఇప్పుడు నేనూ టీచర్‌నే. ఆ పెంకుటింటి బడి పోయింది, ఎడ్ల బండ్లు పోయాయి, తరగతుల్లో కట్టెలూ పోయాయి. నా తరగతి పిల్లలు భయం లేకుండా "ఎందుకు?" అని అడుగుతారు. మొన్న కూరగాయల అంగట్లో పోసక్క కనిపించి, వినపడే కుడి చెవి నా వైపు తిప్పి అడిగింది.

"గంతమంది ఉంటే నా పేరే ఎందుకు చెప్పినవే?"

"నువ్వే పక్కనున్నవ్. గందుకే."

"గంతేనా," అని ఆమె సంచి ఎత్తుకొని వెళ్లిపోయింది.