గోడపత్రికలో పేరులేని వ్యాసం

పోయిన నెల నా చిన్ననాటి మిత్రుని దశదినకర్మకు వెళ్ళినప్పుడు అతని పెద్దకొడుకు నన్ను పక్కకు తీసుకుపోయి, "కాకా, మా నాయిన బడిల ఉన్నప్పుడు హెడ్మాస్టరు మీదనే రాసిండట గదా, ఏం రాసిండు?" అని అడిగాడు. ఏదో చెప్పి వచ్చేశాను. అది రాసింది నేనని ఆ పూట ఎలా చెప్పను?

యాభైల చివరి మాట. తాండూరులో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు కుదురుకుంటున్న రోజులు. మా బడిలో విద్యార్థుల పత్రిక అంటే నెలకొకసారి వరండా గోడకు అంటించే నాలుగు పెద్ద కాగితాలు. పేరు చూస్తే విషయం ఎవరూ చదవరని మా తెలుగు సారు నమ్మకం, కనుక అభిప్రాయాల కింద పేర్లు ఉండేవి కావు. వచ్చినవన్నీ దస్తూరి బాగున్న ఒక్కడే ఎత్తి రాసేవాడు. ఆ ఒక్కడు నా మిత్రుడు. పెద్దేముల్ దారిలోని ఒక పల్లె నుంచి రోజూ నాలుగు మైళ్ళు నడిచి వచ్చేవాడు. మా ఇల్లు బడి వెనకనే.

గంట కొట్టాక వచ్చినవాళ్ళను ఒక పీరియడంతా ఎండలో నిలబెట్టేవారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు పావుగంట వెసులుబాటు ఇవ్వాలని నేనొక పేజీ రాసి ఇచ్చాను. అతడు చదివి, నవ్వి, ఒక్క ముక్క మార్చకుండా ఎత్తి రాశాడు. పిల్లలు గుమిగూడి దాన్ని చదువుతుంటే నేనూ ఏమీ ఎరగనట్టు ఆ గుంపులో నిలబడి విన్నాను, ఎంతో బాగుండింది. అందరి మాటా ఒకే దస్తూరిలో ఉంటే నిలదీసేది ఆ దస్తూరి గలవాణ్ణేనని మా ఇద్దరికీ తోచలేదు.

హెడ్మాస్టరు దస్తూరి చూశారు, రోజూ ఆలస్యంగా వచ్చేదెవరో ఆయనకు తెలుసు. తండ్రిని తీసుకురా, లేదా టీసీ తీసుకుపో అన్నారు. బడి నుంచి ఒక్క మాట వచ్చినా చదువు మాన్పించి తనతో బండల గనికి తీసుకుపోతానని ఆ తండ్రి అంతకుముందే చెప్పి ఉన్నాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళి, రాసింది నేనని చెప్పాను. హెడ్మాస్టరు నవ్వారు. "గంట కొడితె మీ ఇంట్ల ఇనవడ్తది. నీకేం బాధరా? దోస్తును బచాయించనీకి వచ్చినవ్, పో." నిజం చెప్పినా నమ్మకపోవచ్చునని అప్పుడే తెలుసుకున్నాను.

తండ్రి వచ్చాడు. చేతులకు బండల దుమ్ము అలాగే ఉంది. అంతా విని, "ఆలిశమైతె కొట్టుర్రి సారూ, కాదంటలేను. రాసినందుకు ఎల్లగొడ్తరా?" అన్నాడు. హెడ్మాస్టరు పిల్లవాణ్ణి తరగతికి వెళ్ళమన్నారు. ఎండలో నిలబెట్టడం మాత్రం పోలేదు. పత్రిక రాసే పని ఇంకొకరికి ఇచ్చారు.

నా పేరు ఎందుకు చెప్పలేదని ఆ సాయంత్రం అడిగాను. "రాసింది నువ్వు, నిలవడేది నేను. గా రాత ఎవనిదని జెప్పాలెరా?" అన్నాడు. మేము మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లోవాళ్ళకు తనే రాశానని చెప్పాడా, వాళ్ళే అలా అనుకుంటే ఊరుకున్నాడా, ఇప్పుడు ఎవరిని అడగాలి?

నేను అప్పుడప్పుడు దినపత్రికలకు ఉత్తరాలు రాస్తుంటాను, పేరుతో సహా అచ్చవుతాయి. ఎవరి కష్టం గురించి రాశానో ఆ మనిషి వాటిని చూస్తాడో లేదో తెలియదు. చదివి, నవ్వి, తన చేత్తో ఎత్తి రాసేవాడు లేడు.