విచారణకు ముందు పలికిన పేరు

మా తమ్ముడు రత్నం జైల్లో అన్నం ముట్టడం లేదని కబురు వచ్చిన దినం నుంచే ఈ సాక్ష్యం మొదలుపెట్టాలి, సహోదరులారా, ఎందుకంటే వాడికి యావజ్జీవ శిక్ష పడిన నాడు కూడా నేను అంతగా కుంగిపోలేదు! నేను నంద్యాలలో స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి, మన సంఘంలో ఒక పెద్దను, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రతి దినమూ డైరీ రాసుకునేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం 'ప్రభువా' అన్న ఒక్క మాట రాసి, ఆ తర్వాత ఏమి రాయాలో తోచక పెన్ను మూసేశాను.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. అక్కడి వర్గాల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక శనగ చేని గట్టు దగ్గర మొదలైన తగాదా ఊరిని రెండుగా చీల్చింది, ఆ తగాదాలో ఓబులేసు అనే మనిషిని చంపేశారు, చంపిన గుంపులో మా రత్నం ఉన్నాడు. వాడు నిర్దోషి అని నేను ఏ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా గుడి గడప తొక్కనివాడు జైల్లో, తోటి ఖైదీల మధ్య మోకాళ్లూని ప్రభువును తెలుసుకున్నాడు. పని నేర్చుకున్నాడు, వడ్రంగంలో మంచి చెయ్యి అనిపించుకున్నాడు. కొన్ని దినాలు బయటికి వచ్చి వెళ్లే పెరోల్ కోసం అర్జీ పెట్టాం, కాదన్నారు. మళ్లీ పెట్టాం, మళ్లీ కాదన్నారు. అప్పుడే వాడు కంచం పక్కకు నెట్టేశాడు, జైలు ఆసుపత్రిలో బలవంతాన పోసే గంజితోనే ప్రాణం నిలబెట్టారు.

నేను ములాఖాత్‌కు వెళితే కమ్మీల అవతల నుంచి నన్ను చూడకుండానే మాట్లాడాడు. "ఇంగ రావాకన్నా. నీకు మోకాళ్ల నొప్పులు, బస్సులెక్కి దిగి ఏం బాగుపడ్తావ్? రత్నం అనేటోడు ల్యాడనుకో." నేను పెద్దవాణ్ణి, సంఘంలో ఎంతమందికో ధైర్యం చెప్పినవాణ్ణి, ఆ రోజు నా తమ్ముణ్ణి అలాగే వదిలి బస్సెక్కాను సహోదరులారా! మూడోసారి కూడా కాదంటే వాడు బతకడని నాకు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి ఇలా ప్రార్థించాను: "తండ్రీ, తలుపు తెరవమని అడుగుతూ వచ్చాను. ఏ తలుపు తట్టాలో కూడా నాకు తెలియడం లేదు. తెలిసిన మనిషిని ఎవరినైనా పంపు."

దేవుడు పంపాడు! అయితే నేను అనుకున్న చోటి నుంచి కాదు. డబ్బు పెట్టుకోలేని ఖైదీలకు కోర్టు తరఫున ఉచితంగా లాయరును ఇస్తారని మన సంఘ సభ్యుడొకాయన చెబితే వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. వారు అప్పగించిన లాయరు షమీమ్ అనే అమ్మాయి, నంద్యాల పిల్లే, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు ఉంటుంది. ఆ అమ్మాయి అందరికన్నా ముందు చేసిన పని ఏమిటో తెలుసా? ఇంతకుముందు ఎందుకు కాదన్నారో ఆ కాగితాల నకలు తెప్పించింది. కారణం అడగవచ్చని మాకు తెలియనే తెలియదు, కాదన్నారంటే దేవుడు ఆలస్యం చేస్తున్నాడని ప్రార్థన చేసుకుని ఊరుకున్నాం!

ఆ కాగితాల మీద వేలు పెట్టి ఆమె అడిగింది. "సార్, పెరోల్‌లో వచ్చి యాడుంటాడని రాసినారు మీరు?"

"మా ఊర్లోనేనమ్మా. సొంతిల్లు ఆడే గదా ఉండేది."

"సచ్చిపోయినాయన ఇల్లు?"

"అదీ ఆ వీధేనమ్మా," అన్నాను, అన్నాక గానీ నాకే తట్టలేదు.

ఊరంటే అదే, చిరునామా అంటే అదే అని మేమందరం రాసుకుంటూ వచ్చాం సహోదరులారా! మనవాళ్లు ఎక్కడ స్థిరపడినా కాగితం మీద పుట్టిన ఊరే రాస్తారు కదా. రత్నం ఆ వీధికి వస్తే గొడవలు లేస్తాయని పోలీసులు రెండుసార్లూ రాశారు, రాయక ఏం చేస్తారు? షమీమ్ ఆ చిరునామా తీయించి నంద్యాలలో మా ఇంటి చిరునామా పెట్టింది, వాడి పూచీ నాదని నాతో ప్రమాణ పత్రం రాయించింది, మా వీధి చివర వడ్రంగి దుకాణం ఆయనతో పని ఇస్తానని ఒప్పించింది, జైల్లో వాడి నడవడి గురించి అధికారులు రాసినదీ, తీర్పు నకలూ అన్నీ వరుసగా కుట్టి పెట్టింది.

ఇంతలో మా చిన్నాయన కొడుకు దేవసహాయం ఊరి నుంచి దిగాడు. వాడిది పెద్ద గొంతు, పెద్ద మనసు. "అన్నా, ఇవన్నీ యాల? మూడు జీపుల్లో పోదాం. ఓబులేసు పెండ్లాంకు చీర పెట్టి, పెద్దమనుషుల్ని కూకోబెట్టి రాజీ చేస్తాం. మాకేం అడ్డం ల్యాదు అని ఆయమ్మతో ఒక్క మాట అనిపిస్తే సాలు, పని అయిపాయ." మా సీమలో ఇది వింత కాదు, ఎన్ని రాజీలు ఇట్లా జరిగాయో మీలో పెద్దవాళ్లకు తెలుసు, నాకు కూడా లోపల ఆశ పుట్టింది.

షమీమ్ నిదానంగా అంది. "మూడు జీపులు ఇంటి ముందర ఆగితే ఆయమ్మ చీర చూస్తాదా అన్నా, జీపులు చూస్తాదా?"

"పోనీ, ఒక్క జీపే తీస్కపోతాంలే మేడమ్."

"ఆటోలో పోయినా బెదిరింపు బెదిరింపేనన్నా. పోలీసులు పోయి ఆయమ్మను అడుగుతారు. అప్పుడు ఆమె నోట్లోనించి ఏమొస్తే అది రావల్ల. మీరెవరూ ఆ దోవన పోవద్దండి."

దేవసహాయం నా వైపు తిరిగి, "ఏందన్నా, చేతులు కట్టుకోని కూకోమంటాదీ పిల్ల!" అన్నాడు. చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైన పని అని నాకు ఆ వారాల్లో అర్థమైంది. ఓబులేసు భార్య ఏమి చెబుతుందో తెలియదు, అడగకూడదు, ఆమె ఒక్క మాట మీద నా తమ్ముడి ప్రాణం ఉంది!

తర్వాత షమీమ్, నేనూ కలిసి జైలుకు వెళ్లాం. పెరోల్ విచారణకు అధికారుల ముందు నిలబడినప్పుడు ఏమి అడుగుతారో, ఎలా చెప్పాలో ముందే అలవాటు చేయాలంది. తానే అధికారిలా నిటారుగా కూర్చుని, "నువ్వు చేసిన నేరం గురించి చెప్పు" అంది. మా రత్నం కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. "నేను ఘోర పాపిని సార్! కత్తి పట్టినా, బాంబులు సుట్టినా, సారాయి తాగి ఊరూరంతా వణికించినా, నరకంలోకి కాలు పెట్టినోన్ని, నా ప్రభువు నన్ను ఎతుక్కుంటా వచ్చినాడు..."

నా నోటి నుంచి ఆమేన్ అని వచ్చేసింది.

షమీమ్ పెన్ను కింద పెట్టింది. "రత్నమన్నా, బాంబులు ఎప్పుడు సుట్టినావు? తీర్పులో యాడా ల్యావే?"

వాడు తల గోక్కున్నాడు. "అంటే... సాక్ష్యంలో అట్ల చెప్తాం మేడమ్."

"ఆడ నీ గురించి పోలీసాయన రాసిన రిపోర్టు కూడా ఉంటాదన్నా. నువ్విట్ల చెప్తే పెరోల్ పక్కన పెట్టి ఇంగో రెండు కేసులు కట్టల్ల!" పక్కన నిలబడ్డ జైలు గార్డు మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

మనలో ఈ అలవాటు ఉంది సహోదరులారా. వెనకటి చీకటి ఎంత చిక్కగా చెబితే వచ్చిన వెలుగు అంత బాగా కనబడుతుందని, జైలు ప్రార్థన కూడికలో ప్రతి ఆదివారం చెప్పి చెప్పి మా వాడి సాక్ష్యం పెరిగిపోయింది. నేను కూడా దాన్ని విని ఆనందించినవాణ్ణే. అయితే ఆ తర్వాత ఆ అమ్మాయి అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. గొంతు పెంచలేదు, నవ్వలేదు. "ఇంతసేపు చెప్పినావు గదన్నా. సచ్చిపోయినాయన పేరు ఒక్కసారన్నా రాల్యా."

ములాఖాత్ సమయం అయిపోతోంది, గార్డు గడియారం చూస్తున్నాడు, నేను మనసులో ప్రార్థన చేస్తున్నాను, రత్నం కమ్మీలు పట్టుకుని నేల చూస్తూనే చెప్పాడు.

"ఓబులేసు. ఓబులేసు మేడమ్. నేను నరకల్యా. ఎనకనించి చేతులు పట్టుకున్నది నేను. 'ఇడువురా రత్నా' అన్న్యాడు. ఇడవల్యా."

అన్నేళ్లలో ఆ మాట వాడు నాతో చెప్పలేదు, ఏ పాస్టరుగారితోనూ చెప్పలేదు. కత్తులు, బాంబులు అన్న పెద్ద మాటల వెనక ఆ రెండు చేతుల్ని దాచిపెట్టుకున్నాడు! వాడు ఏడుస్తుంటే షమీమ్, "ఇదే చెప్పన్నా. దీనికి ఎక్కువ వద్దు, తక్కువా వద్దు" అంది. ఆ దినం సాయంత్రం వాడు కంచం దగ్గరకు లాక్కున్నాడని తర్వాత తెలిసింది. దేవునికే మహిమ కలుగును గాక!

విచారణ రోజు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గేటు బయట దేవసహాయం అటూ ఇటూ తిరుగుతున్నాడు, షమీమ్ బల్ల మీద కూర్చుని వేరే కేసు చదువుకుంటోంది, నేను కళ్లు తెరిచే ప్రార్థన చేశాను: "ప్రభువా, వాడు నీ గురించి గొప్పగా మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నిజం చెప్పే ధైర్యం ఇవ్వు." సంఘ పెద్ద చేయవలసిన ప్రార్థనేనా అది అని తర్వాత అనుకున్నాను కానీ ఆ వేళ నా నోట వచ్చింది అదే.

లోపల జరిగింది రత్నమే చెప్పాడు. ఏం చేశావని అడిగితే చేతులు పట్టుకున్న సంగతి పేరుతో సహా చెప్పాడు. "ఆయన కొడుకు ఎదురైతే ఏం చేస్తావు?" అని పై అధికారి అడిగాడట. "ఆ ఊరికే పోను సార్. నంద్యాలలో యాడన్నా ఎదురైతే తల దించుకోని పక్కకు జరుగుతా" అన్నాడట. యేసు ప్రభువు పేరు ఎత్తావా అని దేవసహాయం అడిగితే, "వాళ్లు అడగలేదన్నా, ఆయన పక్కనే ఉండాడు గదా అని ఊరుకున్న్యా" అన్నాడు!

ఉత్తర్వు వచ్చేదాకా మేము పడిన వేదన మాటల్లో పెట్టలేను. ఫోను మోగితే ఉలికిపాటు, మోగకపోతే దిగులు. చివరకు షమీమే మా ఇంటికి వచ్చింది. పెరోల్ మంజూరైంది! పోలీసులు వెళ్లి అడిగితే ఓబులేసు భార్య చెప్పిన మాట కూడా ఆ కాగితాల్లో ఉంది: వాడు మా ఊర్లోకి రాకుండా, మా కళ్ల పడకుండా ఉంటే నాకు అడ్డం లేదు. అంతే. క్షమించానని ఆమె అనలేదు, అనవలసిన పనీ లేదు. ఆ మూడు జీపులు ఆ వీధిలోకి వెళ్లి ఉంటే ఆ తల్లి ఏమని ఉండేదో తలచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయికి మనసులో వందనాలు చెప్పుకుంటాను.

రత్నం మా ఇంటికి వచ్చాడు. పగలు వడ్రంగి దుకాణంలో పని చేశాడు, పోలీసు స్టేషనుకు వెళ్లి సంతకాలు పెట్టాడు, ఆళ్లగడ్డ బస్సు ఎక్కలేదు. గుడిలో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు పిలిస్తే లేచి నిలబడి, ఓబులేసు భార్యా బిడ్డల కోసం ప్రార్థన చేయమని అడిగి కూర్చున్నాడు. మిగతాది నన్ను రాయమన్నాడు, అందుకే రాస్తున్నాను.

గడువు తీరిన రోజు వాణ్ణి దిగబెట్టడానికి నేను వెంట వెళ్లాను. భయపడతాడేమోనని నాకు భయం. గేటు దగ్గర సంచి భుజాన వేసుకుని, "అన్నా, ఈసారి బియ్యం రొట్టెలు చేపిచ్చుకోని రా, ఆకలైతాంది" అన్నాడు, నవ్వుకుంటూ లోపలికి నడిచి వెళ్లాడు. కంచం నెట్టేసినవాడు, తనను మరిచిపొమ్మన్నవాడు సహోదరులారా! శాశ్వత విడుదల అర్జీ కూడా షమీమ్ సిద్ధం చేస్తోంది, అది ఎప్పుడు ఫలిస్తుందో దేవునికి తెలుసు. నా తమ్ముడికి విడుదల మాత్రం ఆ కమ్మీల దగ్గరే మొదలైంది.

మీలో ఎవరి ఇంటి మనిషైనా లోపల ఉంటే సిగ్గుపడి తలుపులు వేసుకోకండి. మోకాళ్ల మీద ప్రార్థించండి, లేచి వెళ్లి లాయరు కోసం దరఖాస్తు పెట్టండి, ఆ రెండూ ఒక్క దేవుడు చూపిన దారులే. కాదన్నారా, ఎందుకు కాదన్నారో అడగండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు వినే దేవుడు మనకున్నాడు, ఆయనను నమ్మి చూడండి. ఆయనకే స్తోత్రం!