ఎత్తు మీద మొండికేసిన క్లచ్చు లేని కారు

అప్పట్లో నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే బయటికి పోవాలనిపించేది. మా ఆయన జబ్బు చేసి పోయి ఏడాది తిరగలేదు. ఆయన బదులు నాకు గనిలో ఉద్యోగం ఇస్తామని, ఆ పొద్దున గోదావరిఖని ఆఫీసుకు రమ్మన్నారు. తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఉన్నది ఆయన కొన్న పాత కారు. గనిలో బొగ్గు మోసే టబ్బుబండి తగిలి ఎడమకాలు చెడింది కాబట్టి, క్లచ్చు లేకుండా గేర్లు వాటంతటవే మారే బండిని ఏరికోరి తెచ్చుకున్నాడు. (ఆయన కాలికి సుఖమే, మా ప్రాణాలకే సుఖం లేదు.) నాకు నడపరాదు. అందుకని కమాన్‌పూర్ నుంచి ఆటో తోలే మా బక్క మరిది వచ్చాడు.

మట్టిగుట్టల దగ్గర ఎత్తు మీద బొగ్గు లారీలు వరుసకట్టాయి, వాటి వెనక మా కారు ఆగింది. మరిది బ్రేకు తొక్కడు. బండి వెనక్కి జారకుండా ఎక్సిలేటరు నొక్కే నిలబెడుతున్నాడు.

“బ్రేకు తొక్కురా తమ్మీ, మీ అన్న గట్లనే తొక్కేటోడు.”

“ఊకో వదినా! నాకే నేర్పుతున్నవా?”

నోరు ఊరుకుంది కానీ కాళ్ళు ఊరుకోలేదు, ఉత్త నేలనే బ్రేకులా తొక్కుతూ కూర్చున్నాను. కాసేపటికి మాడిన వాసన వచ్చింది. ముందు లారీలు కదిలాయి, మా ఇంజను అరుస్తోందే కానీ బండి కదలదు. గేరు పెట్టె ఉడికిపోయింది. వాడు గేరు కట్టెను చక్రాలు బిగపట్టే పార్కింగులో పెట్టి, దిగి, బానెట్టు మీద నీళ్ళు చల్లాడు. (జ్వరమొచ్చిన పిల్లకు తడిగుడ్డ వేసినట్టు.) వెనక ఆగిన షిఫ్టు బస్సులోంచి కార్మికులు దిగారు.

“ఏమైందక్కా?”

“బండి మొండికేసిందన్నా. జల్ది ఆఫీసుకు పోవాలె, లేకుంటే నా నౌకరి పోతది!”

“ఫికర్ చెయ్యకు. నూకుండ్రి!”

అందరూ నెట్టారు. నేనూ కొంగు దోపి, బొగ్గు దుమ్ము పట్టిన డిక్కీకి చేతులానించి నెట్టాను. వెంట్రుకవాసి కదల్లేదు.

“ఏందిర బై, టబ్బులు నూకినోళ్ళం, దీనికి ఓడిపోతిమా?”

అప్పుడు వెలిగింది నాకు. “తమ్మీ, నీ పాడుగాను! ఆ గేరు కట్టె పార్కింగులనే ఉన్నదిరా!”

నవ్వులే నవ్వులు. న్యూట్రల్‌లో వేయించి, ఎత్తు పైకి నెట్టి, వాళ్ళు బస్సెక్కారు. గేరు పెట్టె చల్లారేదాకా నేను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. (మొక్కుందనుకున్నాడో ఏమో, ఒక లారీ డ్రైవరు దండం పెట్టి పోయాడు.) తర్వాత దిగుడే కాబట్టి మెల్లగా చేరాం.

ఆలస్యమైందని అందరికంటే చివర నిలబెట్టి, ఆఫీసు మూసే వేళకు కాగితం ముందుపెట్టారు. నెల రోజులు నేర్చుకున్న సంతకం కంటే ముందు నా అరచెయ్యి నల్లగా అచ్చుపడింది. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా కళ్ళద్దాలు పైకెత్తాడు. “ఏంటమ్మా, ఉద్యోగం ఇవ్వకముందే గనిలోకి దిగొచ్చేశారా?”

ఆ మచ్చ కాగితంతోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు డ్యూటీకి బస్సులోనే పోతాను. ఆ ఎత్తు రాగానే నా కుడికాలు దానంతటదే ఉత్త నేలను బ్రేకులా తొక్కుతుంది. పక్కనామె నవ్వుతుంది. అక్కడ బ్రేకు తొక్కే మా ఆయన గుర్తొచ్చి నేనూ నవ్వుతాను.